చేదుపట్టలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల సంఘసభ్యులలో కొందఱు ఇటీవల మాకొక ప్రశ్న పంపిరి. ఊరూర తిరుగు వర్తకుడొకడు వచ్చి, వేపపట్ట, కొడిశపట్ట, సోమిదపట్ట, ఏ చేదుపట్టయైనను సరే, ఎండబెట్టి తెచ్చినచో తూచి రొక్కమిచ్చెదనని చెప్పుచున్నాడట. గట్లమీది చెట్లకు పెట్టుబడి లేదు, ఒలిచిన కూలి దక్కును, కావున ఒలిచి అమ్మవచ్చునా యని వారడిగిరి. దీనికి నాలుగు పంక్తులలో జవాబు వ్రాసి ఊరకుండవచ్చును. కాని ఆ సభ్యులతో మాటలాడుచుండగా మఱియొక సంగతి బయటపడినది. అమ్మగా మిగిలిన పట్టను కొందఱు ఇంట నుంచుకొని, జ్వరము తగిలినపుడు కషాయము కాచి త్రాగుచున్నారు. అది ఏ చెట్టు పట్టయని మేమడుగగా ఎవరికిని నిశ్చయముగా తెలియలేదు. ఒక పెద్దాయన మాత్రము నవ్వి, “చేదైతే మందే గదా సామీ” అనెను. ఆ మాట విని మాకు భయము కలిగినది. అందుచేత ఈ వ్యాసము కొంచెము పొడవుగా వ్రాయుచున్నాము.

మొదట చెట్టు మాట. పుంగనూరు సమీపమున నొక పల్లెలో చేనిగట్టుమీది వేపచెట్టును మేము చూచితిమి. ఒక మనిషి కౌగిలికి అందని మాను. నడుమెత్తు మొదలుకొని తలయెత్తువఱకు చుట్టును పట్ట ఒలిచియుండిరి. ఒలిచి అప్పటికి మూడు నెలలైనను ఆకులు పచ్చగానే యుండెను. రైతు దానినే చూపి, చెట్టుకు ఏమియు కాలేదు చూడుమనెను. ఇది నిలువదని మేము చెప్పిన మాట ఆయనకు నమ్మిక కలిగింపలేదు. మఱుసటి వేసవికి ఆ చెట్టు నిలువున ఎండి వంటచెఱకైనది. దాని నీడను కట్టివేయుచుండిన ఎద్దులను ఇప్పుడు ఎండలోనే కట్టుచున్నారు.

దీనికి కారణము తెలిసికొన్నవారు మఱల అట్టి పని చేయరు. వేళ్లు పీల్చిన నీరు మాను లోపలి కొయ్యగుండ పైకి పోవును. ఆకులు ఎండవెలుతురున వండిన ఆహారము మాత్రము పట్ట లోపలి పొరగుండ క్రిందికి దిగి వేళ్లకు చేరును. పట్టను చుట్టును ఒలిచినపుడు పైకి పోవు నీటికి అడ్డము లేదు గనుక ఆకులు కొన్ని నెలలు పచ్చగా నుండును. వేళ్లకు మాత్రము కూడు ఆగిపోవును. తమలో దాచుకొన్న నిలువ తీఱువఱకు అవి బ్రతికి, తరువాత చచ్చును. వేళ్లు చచ్చిన పిమ్మట నీరు పీల్చువారెవరు? పట్టకును కొయ్యకును నడుమ వ్రేలితో తాకిన జిగటగా తగులు పలుచని పొర యొకటి కలదు. కొత్త కొయ్యయు కొత్త పట్టయు పుట్టునది ఆ పొరనుండియే. నిలువుగా సన్నని పేలిక తీసినచో ఇరుప్రక్కల నుండి పట్ట పెరిగి ఆ గాయమును మూసివేయును. చుట్టును తీసినచో మూయుటకు వ్యవధి చాలదు.

ఇంత ముఖ్యమైన దారి పైపైననే యున్నందున పురుగు, బూజు, ఆకలిగొన్న మేక, అన్నియు మొదట పట్టమీదనే పడును. చెట్టు పాఱిపోలేదు, కొమ్ములు లేవు. కావున తనకు చేతనైన రీతిని పట్టయందు కొన్ని ద్రవ్యములను నింపుకొనును. వానిలో పెక్కులు చేదు. పుల్లని, తీయని వానిని గుర్తించుటకు మన నాలుకయందు కొద్ది ఏర్పాటులే యుండగా, చేదును గుర్తించుటకు సుమారు 25 విధముల గ్రాహకములున్నవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. విషమును మ్రింగకముందే ఉమ్మివేయుటకు దేవుడిచ్చిన కావలి యది. అనగా చేదు మందునకు గుర్తు కాదు, హెచ్చరిక. ఆ హెచ్చరిక ఇచ్చు వస్తువులలో కొన్ని తగిన మోతాదున మందులైనవి, కొన్ని యే మోతాదునను మందులు కాలేదు. నాలుకకు ఈ తేడా తెలియదు.

వగరును చేదును కొందఱు ఒకటిగా చెప్పుదురు. అవి వేఱు. తంగేడుపట్ట వగరు. నోరు పట్టివేసినట్లుండుట దాని గుణము. ఆ గుణమే పచ్చితోలును పదును చేయును. కుప్పమునకు తూర్పున నున్న వాణియంబాడి, ఆంబూరు తోళ్ల కార్ఖానాలకు ఒకప్పుడు మెట్టప్రాంతముల తంగేడుపట్టయే ఆధారము. తరువాత దక్షిణాఫ్రికానుండి వచ్చిన తుమ్మజాతి పట్టయు దాని సారమును, ఆపైన రసాయనములును దాని చోటు నాక్రమించినవి. తంగేడు పొద కొట్టినను మొదటినుండి మఱల చిగిర్చును గనుక ఆ బేరమువలన అంత నష్టము లేకపోయెను. వేప, సోమిద మానులయందు పట్ట యొలుచుట అట్టిది కాదు.

ఇక చేదు సంగతి. ప్రపంచములో మిక్కిలి పేరొందిన చేదుపట్ట సింకోనా చెట్టుది. అది దక్షిణ అమెరికాలోని ఆండీసు కొండల చెట్టు. పదునేడవ శతాబ్దమున జెసూటు పాదిరీలు ఆ పట్టను ఐరోపాకు చేర్చిరి. చలిజ్వరమునకు, అనగా మలేరియాకు, ఆ కాలమున అదియొక్కటియే నిజముగా పనిచేసిన మందు. పట్టలో పనిచేయునది ఏదియో 1820 వఱకు ఎవరికిని తెలియదు. ఆ యేట పారిసు నగరమున పెల్లెతియే, కావెంతూ అను ఇరువురు ఔషధ శాస్త్రజ్ఞులు ఆ పట్టనుండి తెల్లని పొడిని వేఱుచేసి క్వినైన్ అని పేరుపెట్టిరి. మన ముసలివారు కొయినా అని చెప్పునది అదియే. ఈ యిరువురే 1818లో ముష్టిజాతి గింజలనుండి స్ట్రిక్నైన్ అను విషమును, 1819లో ఒక చేదుపట్టనుండి బ్రూసైన్ అను మఱొక విషమును తీసియుండిరి. మూడు సంవత్సరములలో మూడు చేదులు, తీసిన చేతులవే. రెండు మనుష్యుని చంపునవి, ఒకటి కోట్లమందిని బ్రతికించినది. మూడింటిని నాలుకమీద వేసికొని ఇది మందు, ఇది విషము అని చెప్పగలవాడు లేడు.

సింకోనా చరిత్రలో మన రైతులు తెలిసికొనదగిన ముచ్చట్లు కొన్ని కలవు. 1860లో క్లెమెంట్సు మార్క్‌హామ్ అను నాతడు ఆ మొక్కలను నీలగిరులకు తెచ్చెను. ఉదకమండలపు తోటల అధికారి మెక్ఐవర్ వానిని పెంచెను. తరువాత నడువట్టమున మదరాసు ప్రభుత్వమువారి కొయినా కార్ఖానా వెలసినది. మెక్ఐవర్ మొదట ఎదుర్కొన్న చిక్కు మన చిక్కే. పట్ట కావలెను, చెట్టు చావరాదు. ఆయన నిలువుగా సన్నని పేలికలుగా పట్ట తీసి, లోపలి జిగట పొర గీచుకొనకుండ జాగ్రత్తపడి, ఆ గాయములను తడి నాచుతో కప్పి కట్టించెను. కొంతకాలమునకు ఆ చోట కొత్త పట్ట పుట్టెను. పాతదానికంటె దానియందు మందు హెచ్చుగా నుండెనని పరీక్షలవలన తేలినది. చెట్టు నిలిచినది, పంట మఱల వచ్చినది. చుట్టును ఒలిచి ఒకసారి అమ్ముకొని పోవువానికిని తోట పెంచువానికిని గల భేదము ఇందు కనబడును.

మఱొకటి విత్తనముయొక్క మహిమ. నీలగిరులకు మొదట వచ్చిన ఎఱ్ఱపట్ట సింకోనాలో క్వినైన్ పాలు తక్కువ. బొలీవియా దేశపు మాన్యుయెల్ ఇంక్రా అను దేశీయుడు ఏండ్లతరబడి వెదకి మంచి చెట్ల గింజలను సేకరించి చార్లెసు లెడ్జర్ అను వర్తకున కిచ్చెను. లెడ్జర్ వానిలో కొన్నింటిని 1865లో డచ్చివారికి స్వల్పపు వెలకు అమ్మెను. ఆ గింజలతోనే జావాద్వీపము ప్రపంచపు క్వినైన్ వర్తకమును ఇంచుమించు పూర్తిగా వశపఱచుకొనెను. గింజలు వెదకి తెచ్చిన ఇంక్రా మాత్రము స్వదేశమున చెఱలో దెబ్బలు తిని మరణించెను. వర్తక చరిత్రలలో ఇట్టి పేర్లు చిన్న అక్షరములలో వ్రాయబడుట వాడుక.

1942లో జావా జపానువారి వశము కాగా లోకమునకు క్వినైన్ కఱవు వచ్చెను. ఆ కఱవు వలననే కృత్రిమముగా చేయు మాత్రలు ముందుకు వచ్చినవి. 1972లో చీనాలో టూ యూయూ అను శాస్త్రజ్ఞురాలి బృందము మన మాచిపత్రికి చుట్టమైన యొక మొక్కనుండి ఆర్టెమిసినిన్ అను మందును తీసెను. దానికై ఆమెకు 2015లో నోబెల్ బహుమానము లభించినది. మాచిపత్రికి చుట్టమంటిమి గాని మాచిపత్రి యనలేదు. పెరటి మాచిపత్రిని నూఱి జ్వరమునకు త్రాగవలదు.

జ్వరము చెట్టుగాలివలన గాని చెడుగాలివలన గాని రాదనియు, దోమ దానిని మోయుననియు తేల్చిన పరిశోధన మన తెలుగుదేశమున జరిగినదే. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను.

మన ప్రాంతమున సింకోనా వేయవచ్చునా యని మదనపల్లె వైపు సభ్యుడొకడు హార్స్‌లీ కొండలను మనస్సునందుంచుకొని అడిగెను. ఆ కొండ సుమారు 4,100 అడుగుల యెత్తు, ఎత్తు చాలును. కాని సింకోనాకు ఏడాది పొడవున తేమ కావలెను. మన వాన ముప్పది అంగుళములకు లోపు, అదియు కొలదినెలలలో కురిసి పోవును. ఆ యాస వదలుకొనవలెను.

పోనీ, మన అడవిలోనే అట్టి పట్ట లేదా? ఈ ప్రశ్న మనకంటె ముందు వేసినవాడు రాక్స్‌బర్గ్ దొర. ఆయన కంపెనీ కాలపు వైద్యుడు, గోదావరి జిల్లా సామర్లకోటలో తోట వేసి సర్కారు సీమ చెట్లను వరుసగా పరీక్షించెను. రాజమహేంద్రవరపు కొండలలో మనవారు సోమిద అని పిలుచు చెట్టు పట్ట మిక్కిలి చేదుగా నుండుట చూచి, సింకోనాకు బదులుగా దీనిని వాడవచ్చునని తలచెను. తాను చేసిన పరీక్షలను 1793లో ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను. ఆయన దానికి జ్వరమును పాఱద్రోలునది అను అర్థము గల ఫెబ్రిఫ్యూగా అను లాటిను పేరు పెట్టెను. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్యూ ఆ చెట్టును వేఱుజాతిగా తీసి మన తెలుగు పేరునే సోయ్‌మిడా అని దానికుంచెను. నేటికిని ప్రపంచమంతట వృక్షశాస్త్ర గ్రంథములలో సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా అను పేరు నిలిచియున్నది. మన పల్లెటూరి మాట లాటినులో కూర్చున్నందుకు సంతోషింపవచ్చును. కాని పేరులోని రెండవ భాగము నిజము కాలేదు. సోమిదపట్టలో క్వినైన్ లేదు. దాని చేదు వేపజాతికి చేరిన చేదు, దానితోపాటు వగరు. మలేరియా క్రిమిని చంపుటయందు అది సింకోనాకు సాటి రాలేదు. మోతాదు మించినచో తలతిరుగుడును మత్తును కలుగునని మదరాసు సైన్య వైద్యుడు ఏన్స్లీ 1826లో ప్రకటించిన తన గ్రంథమున హెచ్చరించెను. రాక్స్‌బర్గ్ వంటి పండితుడే చేదును చూచి మందని మోసపోయినపుడు మన పెద్దాయనను తప్పుపట్టనేల?

ఇంతకంటె ఘోరమైనది తరువాతి కథ. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఐరోపాలో అంగోస్తురా అను దక్షిణ అమెరికా చేదుపట్టను కడుపు జబ్బులకు వాడుచుండిరి. ఆ మూటలలో మఱొక చేదుపట్ట కలిసివచ్చి, త్రాగినవారు బిగిసికొని చచ్చిరి. కల్తీపట్ట యెక్కడిదో చాలకాలము తెలియలేదు. పైన చెప్పిన బ్రూసైన్ విషమును పెల్లెతియే, కావెంతూ తీసినది ఆ కల్తీపట్టనుండియే. తుదకు 1837 ప్రాంతమున కలకత్తాలో ఓషానెస్సీ అను వైద్యుడు ఆ చిక్కు విప్పెను. ఆ నగరపు బజారులలో రోహన్ అను పేర, అనగా సోమిదకు హిందీవారు వాడు పేర, అమ్మబడుచున్నది సోమిదపట్ట కాదు, ముష్టిపట్ట. ఐరోపాలో మనుష్యులను చంపిన కల్తీపట్టయు అదియే. పేరు మంచిది, చేదు సరిపోయినది, కొన్నవాడు త్రాగెను.

ముష్టిచెట్టు, కొందఱు ముసిడి యందురు, మన కొండప్రక్కల అడవులలో ఉన్నదే. దీనిని ప్రతి రైతును గుర్తుపట్టవలెను. ఆకులు ఎదురెదురుగా పుట్టి, దళసరిగా నునుపుగా మెఱయుచుండును. ఆకు మొదటినుండి మూడు గాని అయిదు గాని ఈనెలు కొనవైపు సాగును. కాయ పండినపుడు చిన్న నారింజపండువలె ముద్దుగా నుండును. లోపలి గింజలు చొక్కాబొత్తాములవలె చదునుగా, బూడిదరంగు పట్టునూగుతో నుండును. పట్ట పలుచన, బూడిదరంగు. సోమిద ఇట్టిది కాదు. దాని ఆకు వేపాకువలె ఒకే కాడకు జంటలుగా పెక్కు రెక్కలు గలది, కాని రెక్కల అంచులకు వేపకున్న రంపపు పండ్లు లేవు. పట్ట మందము, గరుకు, పగుళ్లు గలది, లోపల ఎఱుపు. కాయ కొయ్యవలె గట్టిపడి అయిదు చీలికలై విచ్చుకొనును, గింజకు రెక్క యుండును. చెట్టును చూచినపుడు ఈ భేదములు పిల్లవానికైనను తెలియును. ఎండి ముక్కలై గోనెలో పడినపిమ్మట మాకే తెలియదు. పొడిచేసినచో చెప్పనే అక్కఱలేదు.

ముష్టివిషము తలకెక్కునది కాదు, నరములను పట్టునది. మొదట దవడ బిగియును, మెడ పట్టును, తరువాత ఒళ్లంతయు విల్లువలె వంగి కొట్టుకొనును. తెలివి మాత్రము తప్పదు, అదియే దాని క్రూరత్వము. చిన్న చప్పుడైనను, ఒంటిమీద చేయి వేసినను మఱల ఈడ్పు వచ్చును. ఊపిరి ఆగి మనిషి పోవును. ఏదేని పట్టకషాయము త్రాగినవారికి ఈ గుర్తులు కనబడినచో ఇంటివైద్యము చేయక, గట్టిగా అఱవక, కుదుపులు తగులకుండ వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. త్రాగిన పట్టముక్కను గూడ వెంట కొనిపోవుడు, వైద్యునకు ఉపకరించును. శుద్ధిచేసిన ముష్టిగింజను ఆయుర్వేద వైద్యులు మందులలో వాడుట నిజమే. ఆ శుద్ధి వారికి తెలిసినది, మనకు తెలియదు.

బైబిలులో మారా యను చోట నీళ్లు చేదుగా నుండగా, ఒక చెట్టును వానిలో వేయుటచేత తీయనైనవను కథ కలదు. చిన్ననాడు మిషనుబడిలో ఈ కథ విన్నప్పుడు, ఆ చెట్టు ముష్టికి దగ్గఱ చుట్టమైన చిల్లచెట్టయి యుండునని మేము నిశ్చయించుకొంటిమి. చిల్లగింజను గంధమువలె అరగదీసి కలిపినచో బురదనీరు తేఱునని ఇంట చూచియుంటిమి గదా. ఆ యూహకు ఆధారమేమియు లేదు. అయినను ఒకే కుటుంబములో నీటిని తేర్చు గింజయు ప్రాణము తీయు గింజయు నుండుట మాత్రము నిజము.

కొడిశపట్టలోను ఇట్టి తికమకయే కలదు, ప్రాణాపాయము మాత్రము లేదు. పాలకొడిశపట్ట చేదు, దానిలో కొనెస్సైన్ అను ద్రవ్యమున్నది. నెత్తురుబంక విరేచనములకు మన వైద్యులు తరతరములుగా దీనిని వాడిరి. రెప్పాల లేక అంకుడు అనునది దీనినిబోలినది. విఱిచిన రెండింటను పాలు కారును, రెండింటిని పాల యనియే జనులందురు. ఏటికొప్పాక బొమ్మలు చేయునది ఈ అంకుడు కొయ్యతోనే. రెప్పాల కాయలు జంటలుగా వ్రేలాడుచు లేతదశలో కొనలవద్ద ఒకదానినొకటి అంటుకొనియుండును, కొడిశకాయలు విడివిడిగా వ్రేలాడును. గింజలను నమిలినను తెలియును: కొడిశగింజ చేదు, రెప్పాలగింజకు ఆ చేదు లేదు. వర్తకులు వీనిని చేదు ఇంద్రయవలు, తీపి ఇంద్రయవలు అని రెండు పేర్లతో అమ్ముదురు. చేదు నిజముగా ఉపయోగపడిన చోటు ఇది. ఎందుచేతననగా ఇక్కడ చేదు మనకు రెండు తెలిసిన వస్తువులలో నేది యేదో చెప్పుచున్నది. తెలియని వస్తువు మందా విషమా యని అడిగినచో అది చెప్పదు.

కావున జ్వరము వచ్చినపుడు ఏమి చేయవలెనన్న, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. అది ఉచితము. మలేరియాలో మన దేశమున ముఖ్యముగా రెండు రకములు. ఒకదానికి క్లోరోక్వినుతోపాటు 14 దినములు మఱొక మాత్ర మ్రింగవలెను, లేనిచో కాలేయమున దాగిన క్రిమి కొన్ని నెలలకు మఱల లేచును. మఱొకదానికి ఆర్టెమిసినిన్ జాతి మందులు వాడుదురు. ఏ రకమో నెత్తురు చూడక తెలియదు. జ్వరము తగ్గినదని మాత్రలు సగములో మానుట మన పల్లెల అలవాటు, అది పట్టకషాయముకంటె తక్కువ తప్పేమియు కాదు. పైగా నేటి జ్వరములలో డెంగీ మొదలైనవి అనేకములు మలేరియాయే కావు. కషాయమునకై రెండు దినములు పోగొట్టుకొన్నచో అవి తిరిగి రావు.

మఱి వేపచేదు వ్యర్థమా? కాదు. అది మన ఒంటికంటె మన పైరునకు హెచ్చుగా ఉపకరించును, దానికై పట్ట ఒలువనక్కఱలేదు. 1959లో సూడాను దేశమున మిడుతలదండు దిగి పచ్చనిదంతయు తినివేసి వేపచెట్లను మాత్రము విడిచిపోవుట ష్ముట్టెరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చూచెను. 1962లో ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ గారును సహచరులును వేపపప్పు నీటిని చల్లిన పైరును మిడుతలు ముట్టవని చూపిరి. 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గన్ అనువారు ఆ పనిచేయు ద్రవ్యమును వేఱుచేసిరి. దాని పేరు అజాడిరాక్టిన్. అది ముఖ్యముగా గింజలోని పప్పునందుండును. ఈ విద్య మనదని లోకము ఒప్పుకొనుటకు గూడ పోరాడవలసివచ్చినది. వేపనూనెతో బూజుతెగుళ్లను అణచుటకు గ్రేసు కంపెనీకిని అమెరికా వ్యవసాయ శాఖకును ఐరోపా పేటెంటు కార్యాలయము 1994లో ఇచ్చిన హక్కు, మనవారి అభ్యంతరముమీద 2000లో రద్దయి, 2005లో అప్పీలునందు గూడ వీగిపోయెను.

మన టమాట, వేరుసెనగ, కూరగాయల రైతులు చేయవలసిన పని యిది. జ్యేష్ఠ ఆషాఢ మాసములలో రాలు పండ్లను దినదినము ఏరవలెను. నేలపై నాలుగు దినములు పడియున్నచో బూజుపట్టి పప్పు చెడును. గుజ్జును కడిగివేసి గింజను నీడలో బాగుగా ఎండబెట్టి గోనెసంచిలో నుంచవలెను. మైకా సంచి వలదు, చెమ్మగిల్లును. వాడునప్పుడు పొట్టు తీసిన పప్పు 5 కిలోలు దంచి, పలుచని గుడ్డలో మూటగట్టి, 10 లీటర్ల నీటిలో రాత్రంతయు నానబెట్టి, ఉదయమున మూటను పాలవలె తెల్లని నీరు వచ్చుట ఆగువఱకు పిండవలెను. వడగట్టి 100 లీటర్లగునట్లు నీరు చేర్చి, ఆకునకు అంటుటకై కొంచెము సబ్బునీరు కలుపవలెను. ఎకరమునకు 200 లీటర్లు పట్టును, అనగా పప్పు 10 కిలోలు. చక్కగా కాచు చెట్టు ఏటికి 30 మొదలు 50 కిలోల పండ్ల నిచ్చును గనుక ఎకరపు పిచికారికి మూడు నాలుగు చెట్లు చాలును. ఎండ ఆ ద్రవ్యమును పాడుచేయును గావున సాయంకాలము చల్లవలెను, నానబెట్టిన మఱునాడే వాడవలెను. చల్లిన మఱునాడు పురుగులు చచ్చి రాలలేదని నిరుత్సాహపడవలదు. ఇది చంపు మందు కాదు. పురుగు తిండి మానును, కుబుసము విడువలేక క్షీణించును. గ్రుడ్లును చిన్నపురుగులును ఉన్నప్పుడే చల్లవలెను. కాయలో తొలుచుకొనిపోయిన పెద్దపురుగును ఇది ఏమియు చేయదు, ఆ కాయలను ఏరి పాఱవేయుటయే మార్గము.

ఇప్పుడు వర్తకుని బేరమునకు జవాబు. సొంతగట్టుమీది వేపచెట్టు పట్ట ఒకమాఱు కాసులిచ్చును. అదే చెట్టు నిలిచినచో ఏటేట పండ్లను, నీడను, పిచికారిమందును ఇచ్చును. మానుపట్ట అమ్మవలదని మా గట్టి యభిప్రాయము. వైద్యునికో ఇంటికో కొంచెము పట్ట తప్పనిసరిగా కావలసినచో, నఱికిన కొమ్మలనుండి తీయుడు. మానునుండియే తీయవలసివచ్చిన, వాన పడిన పిమ్మట, చెట్టు చుట్టుకొలతలో నాలుగవవంతునకు మించని వెడల్పున నిలువుపేలికగా తీసి, గాయమునకు పేడయు ఎఱ్ఱమన్నును కలిపి మెత్తుడు. ఆ పేలిక పూడినదాక మఱొకటి తీయవలదు. అడవి చెట్లజోలికి పోనేవలదు. రిజర్వు అడవిలో అనుమతి లేక పట్ట ఒలుచుట 1967 అటవీచట్టము ప్రకారము నేరము. వర్తకుడు దానికి పూచీపడడు, చిక్కినవాడు రైతే.

ఇంటిలో పేరు తెలియని పట్ట నిలువయున్నవారు దానిని కాల్చివేయుడు. ఏ చెట్టో తెలిసికొనగోరువారు పట్టముక్క తేవలదు. ఆకు, పువ్వు, కాయ, మూడును గల కొమ్మను, లేనిచో ఆకును కాయనైనను, కాగితములో చుట్టి సంఘపు సమావేశమునకు తెచ్చినచో చూచి చెప్పెదము. రాబోవు వేపపండ్ల కాలమున గింజలను కూర్చి నిలువచేయుటకు ఏ యూరి సభ్యులు సమ్మతింతురో వారు తమ యూరి గట్లమీది కాపుచెట్లను లెక్కించి, ఆ లెక్కను వైశాఖ మాసము ముగియులోపల కార్యదర్శిగారికి అందజేయవలెను.